డేటా ఎంట్రీ జాబ్ అన్నారు.. మోసాల చెరలో పడేశారు: ఉత్తరాంధ్ర యువకులు బాధితులా, నిందితులా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు వలస కొత్తేమీ కాదు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు గల్ఫ్‌కు వెళ్లడం ఏళ్లుగా నడుస్తున్నదే. ఏజెంటు చేతిలో డబ్బు పెట్టి విమానం ఎక్కడం ఇక్కడ మామూలు విషయం. సైబర్ ముఠాలు సరిగ్గా ఈ అలవాటు మీదే వల వేశాయి.

2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసే ఇందుకు ఉదాహరణ. డేటా ఎంట్రీ ఉద్యోగం, మంచి జీతం అని చెప్పి ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా గుంజి, బ్యాంకాక్ మీదుగా కంబోడియా చేర్చారు. దిగాక పాస్‌పోర్టులు లాగేసుకున్నారు. ఆ తర్వాత ఫెడెక్స్ పార్శిల్ బెదిరింపులు, హనీట్రాప్, టాస్క్ గేమ్.. సొంత దేశం వాళ్లనే దోచే పని. చేయనంటే చీకటి గది, దెబ్బలు. చివరికి సిహనౌక్‌విల్లేలో వందలాది మంది భారతీయులు తిరగబడ్డారు. భారత రాయబార కార్యాలయం కదిలాక తొలి విడత యువకులు విశాఖ విమానాశ్రయంలో దిగారు.

తెలుగు కుర్రాళ్లే ఎందుకు? అవతలి గొంతు మన భాషలో మాట్లాడితే పింఛను డబ్బు దాచుకున్న పెద్దాయన తొందరగా నమ్ముతాడు, తొందరగా భయపడతాడు. అంటే ఫోన్‌కు ఆ చివర, ఈ చివర ఉన్న ఇద్దరూ ఒకే ముఠాకు చిక్కినవాళ్లు కావొచ్చు. కంబోడియాలో లక్ష మంది, మయన్మార్‌లో లక్షా 20 వేల మంది ఇలా బలవంతపు మోసాల్లో ఉన్నారని 2023లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అంచనా వేసింది.

పోయిన డబ్బు లెక్క కూడా చిన్నది కాదు. 2024లో దేశంలో సైబర్ నేరాల్లో రూ.22,845 కోట్లు పోయాయని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. డబ్బు పోయినవారు వెంటనే 1930కు ఫోన్ చేస్తే ఖాతాల్లో ఇంకా మిగిలిన సొమ్మును బ్యాంకులు ఆపగలవు. గంటలు గడిచేకొద్దీ అది ఖాతా నుంచి ఖాతాకు పారిపోతుంది. ‘నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది’ అని రెండు రోజులు ఆగితే ఇక ఆపడానికి ఏమీ మిగలదు.

తిరిగొచ్చిన యువకుడికి మాత్రం ఇలాంటి నంబరేదీ లేదు. ఏజెంటు కోసం చేసిన అప్పు అలాగే ఉంటుంది, వడ్డీ పెరుగుతుంది. ఫిర్యాదు చేస్తే తానే నిందితుడవుతానేమోనన్న భయం వేరు. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ మనుషుల అక్రమ రవాణాను శిక్షిస్తుంది. బలవంతంగా మోసం చేసినవాడిని బాధితుడిగా చూడాలా అన్నది మాత్రం చాలావరకు దర్యాప్తు అధికారి చూపు మీదే ఆధారపడి ఉంది. ఆ నమ్మకం కుదరకపోతే ఏజెంట్ల పేర్లు ఎవరు చెబుతారు?

రిజిస్టరైన ఏజెంటు సేవా రుసుముగా రూ.30 వేలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. కాబట్టి లక్షన్నర అడగడమే మొదటి ప్రమాద సూచిక. అయితే వలస అనుమతి తప్పనిసరైన 18 దేశాల జాబితాలో కంబోడియా లేదు. థాయ్‌లాండ్ ఉన్నా, టూరిస్టు వీసాపై వెళ్లేవాడిని, పదో తరగతి దాటినవాడిని ఆ అనుమతి అడగరు. ఏజెంట్లకు ఈ సందు బాగా తెలుసు. ఊళ్లో తల్లిదండ్రులకే ఇంకా తెలియదు.