బలరాం ఎవరి బిడ్డ?



హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లవాణ్ణి మనం ముందుగా అడిగేది "మీదేవూరు?" అని. ఆ వెంటనే "మీవాళ్లు ఏం చేస్తారు?" అని. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల నుంచి ప్రొద్దుటూరుకు చదువుకొచ్చిన మేము ఈ రెండు ప్రశ్నలకు బదులు చెప్పి చెప్పి అలసిపోయాము. అమ్మ కువైట్‌లో, నాయన బెంగళూరులో ఉంటే ఆ పిల్లవాడు ఏ ఊరివాడు? జవాబుగా తులసీదాస్ బలరాం జీవితాన్ని మీ ముందుంచుతున్నాము.

బలరాం 1936లో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టారు. తల్లిదండ్రులు తమిళనాడు నుంచి వలస వచ్చిన పేదవారు. మంచి బూట్లు కొనే స్తోమత కూడా లేని ఆ కుర్రవాని ఆటను కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తించారు. ఇరవై ఏళ్లకే బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లారు. ఆ పోటీల్లో ఫుట్‌బాల్‌లో మన దేశానిది నాలుగో స్థానం. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరి, 1961లో దానికి కెప్టెన్ అయ్యారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నారు. అదే ఏడాది అర్జున అవార్డు అందుకున్నారు.

తమిళ తల్లిదండ్రులు, హైదరాబాద్ ఆట, బెంగాల్ అభిమానం. మరి ఆయన ఎవరి బిడ్డ? ఆయనను గుర్తించి ఆదరించిన ప్రతి ఊరి బిడ్డ అని మేమంటాము.

అయితే 1963లో ఊపిరితిత్తుల జబ్బు ఆయన ఆటను ఆపేసింది. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు.

ఈ జీవితం మనకు రెండు సంగతులు చెబుతుంది. ఒకటి, ఆటను గుర్తించే కన్ను కావాలి. రెండు, ఆడే ఒంటికి తిండి, వైద్యం కావాలి. మన హాస్టళ్లలో ఈ రెండూ ఎంతవరకు ఉన్నాయి? పదో తరగతి రాగానే ఆటల గంట స్టడీ అవర్‌గా మారిపోతుంది. గాలి పోయిన బంతి ఏడాదంతా బీరువాలోనే ఉంటుంది. పిల్లవాడు నెల రోజులు దగ్గినా అడిగేవారుండరు.

"ఆటలు కూడు పెడతాయా?" అని పెద్దలు అంటారు. మేము చదువును తక్కువ చేయడం లేదు. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. కానీ మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025లో ప్రపంచ కప్పు గెలిచిన భారత క్రికెట్ జట్టులో ఆడింది. ఆమె ఆటను ఎవరూ చూడకపోయి ఉంటే?

అందుకే వార్డెన్లను, అధికారులను మేము కోరేవి మూడే: రోజూ ఒక గంట ఆట, ఏడాదికి రెండుసార్లు వైద్య పరీక్ష, వారానికోసారైనా వచ్చే ఒక కోచ్. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కొత్తగా వచ్చినవాణ్ణి ఇకనుంచి "మీదేవూరు?" అని కాక, "నువ్వేం ఆడతావు?" అని అడగండి.