ముందు చిగురు... తర్వాతే ఇంప్లాంట్‌

ఊడిన పన్ను స్థానంలో మళ్లీ పన్ను కావాలంటే ఒకప్పుడు రెండే దారులు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు, లేదంటే పక్క పళ్లను అరగదీసి వేసే బ్రిడ్జి. ఇంప్లాంట్‌ వచ్చాక మూడో దారి దొరికింది. దవడ ఎముకలో చిన్న టైటానియం స్క్రూ బిగించి, దానిపై పన్ను ఆకారంలో తొడుగు అమరుస్తారు. చూడ్డానికి సొంత పన్నులాగే ఉంటుంది. రాత్రిళ్లు తీసి గ్లాసులో వేసే పని ఉండదు. ఖర్చు మాత్రం ఎక్కువే. అయినా విదేశాల్లో ఉన్న కొడుకో కూతురో డబ్బు పంపి, ‘ముందు పళ్లు పెట్టించుకో నాన్నా’ అని పట్టుబట్టే ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి.

అయితే స్క్రూ బిగించే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. అసలు పన్ను ఎందుకు ఊడింది? దెబ్బ తగిలి ఊడితే సంగతి వేరు. చిగుళ్ల జబ్బుతో వదులై ఊడిపోతే మాత్రం ఆ జబ్బు పన్నుతో పాటు పోలేదు, మిగిలిన పళ్ల చుట్టూ అలాగే ఉండి ఉండొచ్చు. పన్నును ఊడగొట్టిన జబ్బు స్క్రూను మాత్రం ఎందుకు వదులుతుంది?

నొప్పి లేకుండానే నష్టం

పళ్లపై పేరుకునే మెత్తటి పాచిని రోజూ తొలగించకపోతే అది గట్టిపడి గారగా మారుతుంది. పాచిలోని బ్యాక్టీరియా వల్ల మొదట చిగురు ఎర్రబడి వాస్తుంది. బ్రష్‌ చేసేటప్పుడు రక్తం కనిపిస్తుంది. ఈ దశలో శుభ్రం చేయించి జాగ్రత్తపడితే చిగురు మామూలు స్థితికి వచ్చేస్తుంది. అశ్రద్ధ చేస్తే కొందరిలో వాపు లోపలికి దిగి, పన్నును పట్టి ఉంచే ఎముకను కరిగిస్తుంది. దీన్నే పెరియోడాంటైటిస్‌ అంటారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చిగురుకూ పన్నుకూ మధ్య సందు 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతే ఉంటుంది. జబ్బు ముదిరితే 6 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ కూడా కావచ్చు.

చిక్కేమిటంటే దీనికి పెద్దగా నొప్పి ఉండదు. పన్ను కదిలేదాకా చాలామంది గమనించరు. పొగతాగేవారిలో చిగుళ్ల నుంచి రక్తం రావడం కూడా తక్కువే. దాంతో అంతా బాగానే ఉందనుకుంటారు. దీనికి తోడు ‘క్లీనింగ్‌ చేయిస్తే పళ్లు వదులైపోతాయి’ అనే అపోహ ఒకటి. నిజానికి పళ్లను వదులు చేసేది క్లీనింగ్‌ కాదు, గార కింద కరిగిపోయిన ఎముక. గార తీశాక ఆ లోపం బయటపడుతుంది, అంతే.

పన్ను వేరు... స్క్రూ వేరు

టైటానియం ఎముకతో గట్టిగా కలిసిపోతుందని స్వీడన్‌ శాస్త్రవేత్త పెర్‌-ఇంగ్వార్‌ బ్రనెమార్క్‌ 1952లో కుందేళ్లపై పరిశోధన చేస్తూ గమనించారు. 1965లో గోస్టా లార్సన్‌ అనే వ్యక్తికి కింది దవడలో ఇంప్లాంట్లు అమర్చారు. 2006లో ఆయన చనిపోయే వరకూ, అంటే నాలుగు దశాబ్దాలు, అవి పనిచేశాయి. అంటే ఇంప్లాంట్‌ పద్ధతిలో లోపమేమీ లేదు. అది నిలవాలంటే చుట్టూ ఉన్న చిగురూ ఎముకా బాగుండాలి.

సొంత పన్ను ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. మధ్యలో సన్నని నారపొర ఉంటుంది. దానికి రక్త సరఫరా కూడా బాగా ఉంటుంది. చిగురులోని పోగులు పన్ను వేరులోకి చొచ్చుకుని పట్టుకుంటాయి. ఇంప్లాంట్‌కు ఈ నారపొర లేదు. చిగురు పోగులు దాని పక్కన ఆనుకుని ఉంటాయే తప్ప లోపలికి నాటుకోవు. రక్త సరఫరా కూడా తక్కువ. అందుకే బ్యాక్టీరియా చేరితే వాపు త్వరగా ఎముకదాకా పోతుంది. మొదట చిగురు మాత్రమే వాస్తుంది. ముదిరితే స్క్రూ చుట్టూ ఎముక కరుగుతుంది. ఈ రెండో దశను పెరి-ఇంప్లాంటైటిస్‌ అంటారు. దీనికి చికిత్స ఉన్నా, సొంత పన్ను చుట్టూ వచ్చే జబ్బుకంటే లొంగదీయడం కష్టం.

ఈ ముప్పు ఎవరికి ఎక్కువ? గతంలో తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్నవారికి, పాచి సరిగా తొలగించనివారికి, ఇంప్లాంట్‌ తర్వాత క్రమం తప్పకుండా డాక్టరుకు చూపించుకోనివారికి అని అమెరికా, యూరప్‌ చిగుళ్ల వైద్య నిపుణులు కలిసి 2017లో నిర్వహించిన సదస్సు తేల్చింది.

అలాగని చిగుళ్ల జబ్బు వచ్చినవారికి ఇంప్లాంట్‌ పనికిరాదని కాదు. జబ్బును అదుపులోకి తెచ్చి, తర్వాత కూడా శ్రద్ధ తీసుకుంటే చాలామందికి ఏళ్ల తరబడి నిలుస్తుంది. వరస తప్పకపోవడమే ముఖ్యం.

వరస ఇదీ

మొదట గార తీయించాలి. చిగురు కింద వేళ్లపై పేరుకున్నదాన్ని కూడా శుభ్రం చేస్తారు. కొన్ని వారాలు ఆగి సందుల లోతు మళ్లీ కొలుస్తారు. లోతైన సందులు మిగిలితే చిన్న ఆపరేషన్‌ అవసరం కావచ్చు. రక్తం రావడం తగ్గి, సందులు పూడ్చుకున్నాకే స్క్రూ మాట. ఎముక ఎంత మిగిలిందో స్కాన్‌లో చూస్తారు. చాలకపోతే ముందుగా ఎముక పొడి నింపి పెంచాల్సి రావచ్చు. స్క్రూ బిగించాక అది ఎముకతో కలిసిపోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది.

మధుమేహం ఉన్నవారు చక్కెరను అదుపులోకి తెచ్చుకోవాలి. చక్కెర ఎక్కువగా ఉంటే పుండు మానదు, చిగుళ్ల జబ్బూ ముదురుతుంది. సిగరెట్‌, బీడీ మానేయాలి. ఎముకలు గుల్లబారకుండా వాడే మందులు ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

‘ఉన్నవన్నీ పీకించేసి ఒకేసారి స్క్రూలు వేయించుకుంటే పీడ విరగడవుతుంది కదా’ అనుకునేవారూ ఉన్నారు. కొంచెం కదిలే పళ్లను కూడా చికిత్సతో చాలాకాలం కాపాడుకోవచ్చు. కాపాడగలిగిన పన్నును తీయించి స్క్రూ పెట్టించుకోవడం లాభం కాదు. తీయడానికి ముందు చిగుళ్ల వైద్య నిపుణులను ఒకసారి సంప్రదించడం మంచిది.

పెట్టించుకున్నాక...

ఇంప్లాంట్‌కు పుచ్చు పట్టదు. అందుకే దానికి బ్రష్‌ అక్కర్లేదనుకోవడం పొరపాటు. రోజూ రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో తోముకోవాలి. సందుల్లోకి వెళ్లే చిన్న బ్రష్‌తో స్క్రూ చుట్టూ శుభ్రం చేసుకోవాలి. చిగుళ్ల జబ్బు వచ్చి తగ్గినవారు 3 నుంచి 6 నెలలకోసారి డాక్టరుకు చూపించుకోవాలి. స్క్రూ చుట్టూ చిగురు ఎర్రబడినా, రక్తం, చీము వచ్చినా నొప్పి లేదని ఊరుకోకూడదు. స్క్రూ కదిలిందంటే సాధారణంగా పరిస్థితి చేయి దాటినట్టే.

కాబట్టి ఇంప్లాంట్‌ ఎంతవుతుందని అడిగే ముందు డాక్టరును రెండు ప్రశ్నలు అడగాలి. ‘నా చిగుళ్ల సందులు కొలిచారా? ఎంత లోతున్నాయి?’ అవి కొలవకుండానే స్క్రూకు తేదీ ఇచ్చేస్తే మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. కొన్ని నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు. పిల్లలు కష్టపడి పంపిన డబ్బు, దాంతో వచ్చిన పన్ను రెండూ నిలబడాలంటే ముందు చిగురు బాగుపడాలి.