ప్రశ్నావళి అందనివారి గురించి

ఐరిష్ మెడికల్ కౌన్సిల్ అధ్యక్షులకు, సభ్యులకు బహిరంగ లేఖ

శిక్షణలో ఉన్న వైద్యుల అనుభవాలను తెలుసుకోవడానికి కౌన్సిల్ 2014లో ‘యువర్ ట్రైనింగ్ కౌంట్స్’ పేరిట జరిపిన సర్వేలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు వేధింపులకు గురయ్యామని చెప్పగా, ఇబ్బందికరమైన ఆ లెక్కను దాచకుండా అచ్చువేసినందుకు కౌన్సిల్ అభినందనీయమే. అయితే ఆ ప్రశ్నావళి శిక్షణా పోస్టుల్లో ఉన్నవారికోసం తయారైనది. భారతదేశం, పాకిస్తాన్, సూడాన్‌ వంటి దేశాల నుంచి వచ్చిన వైద్యుల్లో చాలామంది రిజిస్టరులోని సాధారణ విభాగంలో, అంటే స్పెషలిస్టు అర్హతకు దారితీయని, ఆస్పత్రి పని నడిపించే పోస్టుల్లో ఉంటారు.

వేధింపు అనగానే అరుపులో, బూతులో స్ఫురిస్తాయి గాని, దాని మామూలు రూపం అంత చప్పుడు చేయదు. రౌండ్స్‌లో రోగి మంచం పక్కన, జవాబు తెలియని ప్రశ్న తగిలేదాకా జూనియర్‌ను అడుగుతూ పోయి, చివరికి రోగివైపు తిరిగి నవ్వడం ఒక రూపం. రాత్రి డ్యూటీ దిగుతున్న మనిషి చేతిలో డిశ్చార్జి కాగితాల కట్ట పెట్టడం మరొకటి. శిక్షణా పోస్టువారిని ఆపరేషన్ థియేటర్‌కు పిలిచి, అదే అనుభవమున్న మరొకరిని వార్డులో రక్తనమూనాలకే పరిమితం చేయడం ఇంకొకటి.

ఇది ఐర్లాండ్‌కే పరిమితమైన సమస్య కాదు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణలోని వరంగల్ కాకతీయ వైద్య కళాశాలలో అనస్థీషియా పీజీ మొదటి సంవత్సరం విద్యార్థిని మరణించినప్పుడు సీనియర్ వేధింపులపై ఆరోపణలు వచ్చాయి. వాటి నిజానిజాలు తేల్చడం న్యాయస్థానాల పని. చట్టానికి మాత్రం అక్కడ కొరత లేదు, ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. అయినా లాగ్‌బుక్‌పై, థీసిస్‌పై సంతకం పెట్టేవారిమీదనే ఫిర్యాదు రాయాల్సి వస్తే ఏ జూనియర్‌కైనా కలం ఆగుతుంది.

డబ్లిన్‌లోని టాలట్ నుంచి రాస్తున్నా, 1998లో ప్రారంభమై, ట్రినిటీ కళాశాల బోధనాసుపత్రిగా ఉన్న ఇక్కడి ఆస్పత్రిపై ఈ లేఖ ఆరోపణ కాదు. కానీ ఐర్లాండ్ అంతటా సాధారణ విభాగపు పోస్టుల కాంట్రాక్టులు తరచు ఆరు నెలలవి కావడంతో, జనవరి, జులైల్లో జరిగే పోస్టు మార్పులనాటికి కన్సల్టెంటు ఇచ్చే సిఫారసు లేఖే తదుపరి ఉద్యోగానికి ఆధారమవుతుంది, ఉద్యోగం మీద వర్క్ పర్మిట్, పర్మిట్ మీద సంసారం ఆధారపడతాయి. ‘పెద్దవాళ్లతో ఎందుకు, సర్దుకుపో’ అని ఊరి నుంచి ఫోన్లో వచ్చే సలహా పిరికితనం అనిపించినా, లెక్క తప్పినది కాదు.

2007 నాటి వైద్య వృత్తి చట్టం శిక్షణను గుర్తించే, తనిఖీ చేసే అధికారాన్ని కౌన్సిల్‌కు ఇచ్చింది కనుక, సాధారణ విభాగంలోని వైద్యులనూ అవే ప్రశ్నలు అడిగి, జవాబులను ఆ తనిఖీల్లో లెక్కలోకి తీసుకోవడం అసాధ్యం కాదు. ఆ ప్రశ్నావళిని జులై మార్పులు ముగిసి, సిఫారసు లేఖలు చేతికందిన తర్వాతే పంపడం అవసరం.

టాలట్, డబ్లిన్ 24