తాళం వేసిన ఇళ్లనూ లెక్కలోకి తేవాలి

గోపాల్‌పేట మండల ప్రజలకు, 2025 డిసెంబర్ ఎన్నికల్లో గెలిచిన సర్పంచులకు, వార్డు మెంబర్లకు విన్నపం.

2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కల వాళ్లు మన గడపల ముందుకొస్తారు. మార్చి 1వ తేదీని ప్రమాణంగా పెట్టుకొని దేశ జనాభా తేలుస్తారు. అయితే దేశమంతటికీ ఇదే తేదీ కాదు. లద్దాఖ్‌కు, జమ్మూకశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్‌లలో మంచు కప్పేసే ప్రాంతాలకు 2026 అక్టోబర్ 1ని ప్రమాణంగా ప్రకటించారు. చలికాలంలో అక్కడి కొండదారులు మూసుకుపోతాయి, లెక్క రాసేవాడు పోలేడు. కిందటిసారి కూడా ఇంతే, వాళ్లకు 2010 అక్టోబర్, మిగతా దేశానికి 2011 మార్చి. హిమాచల్‌లోని లాహౌల్-స్పితి జిల్లా మొత్తం మీద 2011లో ఉన్నది 31,564 మంది, చదరపు కిలోమీటరుకు ఇద్దరు. ఆ ఇద్దరు తప్పిపోకూడదని ప్రభుత్వం తేదీ మార్చింది. మంచిపని చేసింది.

అమెరికావాళ్లు వాతావరణంతో పాటు జనం అలవాటునూ చూశారు. 2020 లెక్కలకు వాళ్ల ప్రమాణ తేదీ ఏప్రిల్ 1. కానీ అలాస్కాలో సముద్రం ఒడ్డునున్న టోక్సూక్ బే అనే చిన్న పల్లెలో జనవరి 21నే పని మొదలుపెట్టారు. నేల గడ్డకట్టి ఉన్నప్పుడే అక్కడ ప్రయాణం సులువు. మంచు కరిగాక జనం చేపలకూ వేటకూ చెదిరిపోతారు, ఇళ్లల్లో దొరకరు. అందుకే మనుషులు ఇంటిపట్టున ఉండే కాలం చూసుకొని పోయారు.

మన దగ్గర మంచు పడదు. కానీ ఫిబ్రవరిలో మన తండాల్లో ఎవరుంటారో ఈ కాగితం చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు. దసరా, దీపావళి దాటాక గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పట్టిన ఆలుమగలు బయల్దేరుతారు. కొందరు ఉగాదికి వస్తారు, కొందరు మృగశిర కార్తె ముందుగానీ రారు. లెక్కల వాళ్లు వచ్చేది సరిగ్గా ఆ నడుమ. తలుపుకు తాళం ఉంటుంది. కొట్టం ఖాళీ. అవ్వ దగ్గర విడిచిన పిల్లలు పక్కింటి అరుగు మీద ఆడుకుంటుంటారు. "ఆళ్లు పూనా పోయిన్రు సారూ, పండుగకొస్తరు" అని అవ్వ చెప్తది. కానీ లెక్క నడిచే రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లను ఊరి జనంలో రాయకూడదన్నది జనాభా లెక్కల నిబంధన. ఎక్కడుంటే అక్కడే రాయాలి. పుణె శివారులో కడుతున్న బిల్డింగు పక్కన రేకుల షెడ్డులో ఉన్నవాళ్లను అక్కడి ఎన్యూమరేటర్ రాస్తే వాళ్లు పుణె జనం. అతను ఆ షెడ్డు దాకా పోకపోతే వాళ్లు ఎక్కడి జనమూ కారు.

ఫారంలో వలస మీద ప్రశ్నలు లేకపోలేదు. ఎక్కడ పుట్టావు, ఇంతకుముందు ఎక్కడున్నావు, ఎందుకొచ్చావు అని అడుగుతారు. ఏటా పోయి ఏటా తిరిగొచ్చే మనిషి ఈ ప్రశ్నలకు చిక్కడు.

దీంతో మనకేం నష్టం అంటారా? ఊరికి రేపు ఏం కావాలో తేల్చేది ఈ లెక్కే. అంగన్‌వాడీ ఒకటి రావాలంటే 400 నుంచి 800 మంది జనాభా చూస్తారు. ఆరోగ్య ఉపకేంద్రానికి మైదానంలో 5,000, గిరిజన ప్రాంతంలో 3,000. పంచాయతీలకొచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో పెద్ద వాటా జనాభాను బట్టే వస్తుంది. 2018లో 500 మంది దాటిన తండాలను పంచాయతీలు చేశారు. అలాంటి హద్దు దగ్గర ఒక మేస్త్రీ గుంపు అటో ఇటో అయితే తండా రాతే మారుతుంది. 2011 లెక్కల మీద పదిహేనేళ్లకు పైగా బండి నడిపిన ప్రభుత్వాలు ఈ కొత్త లెక్క మీద ఇంకెన్నేళ్లు నడుపుతాయో ఎవరు చెప్పగలరు?

ఇక ముందుకాలం అంచనా. 2011 నుంచి 2036 దాకా జనాభా ఎట్లా మారుతుందో కేంద్రం నియమించిన నిపుణుల బృందం రాష్ట్రాలవారీగా లెక్కకట్టింది. మండలానికీ తండాకూ అందులో జాగా లేదు. చిన్న ఊరికి అంచనా కట్టడం నిజంగానే కష్టం. పుట్టేవాళ్లను, పోయేవాళ్లను కొంతవరకు ఊహించవచ్చు. తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే పుట్టుకలతో జనం పెద్దగా పెరగరు, కాబట్టి పల్లె పెరగడం, తరగడం ఇప్పుడు వచ్చిపోయేవాళ్లను బట్టే ఎక్కువ. రాష్ట్రం మొత్తం మీద ఆ రాకపోకలు సర్దుకుపోతాయి. 500 మంది తండా అనుకోండి, ఒక్క గుంపులో 40 మంది పోతే నూటికి ఎనిమిది మంది తగ్గినట్టు. 2011 నుంచి 2027కు గీత గీసి అదే వాలు ముందుకు సాగదీస్తే, ఖాళీ కాని ఊరు కాగితం మీద ఖాళీ అవుతుంది. ఆ కాగితం చూసి బడి ఎత్తేస్తారు.

"నీళ్లొచ్చినై, ఇంకా వలసలెక్కడివి?" అనేవాళ్లున్నారు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు బుద్దారం కాలువలో పారినాక వరి పెరిగింది, కొన్ని ఇళ్ల తాళాలు తీశారు, సంతోషం. కానీ కాలువ కింది ఊరి కథ వేరు, కాలువ పైనున్న తండా కథ వేరు. ఇప్పుడు నాట్లకు బీహార్ నుంచి గుంపులొస్తున్నాయి. గద్వాల దిక్కు సీడ్ పత్తి క్రాసింగు కాలంలో బయటి కూలీలు దిగుతారు. మన పిల్లలు హైదరాబాద్‌లో క్యాబ్‌లు నడుపుతున్నారు. వలస ఆగిందో, దారి మార్చుకుందో ఊరిలోనే రాసిపెట్టుకుంటే తప్ప తెలియదు.

తేదీ మార్చమని మేం అడగడం లేదు. ప్రతి జిల్లాకూ ఒక తేదీ పెడితే ఒకే మనిషి రెండుచోట్ల లెక్కకొస్తాడు. మేం అడిగేది, ప్రతి పంచాయతీలో వలస రిజిస్టర్ పెట్టాలని. ఇంటి నంబరు, పోయినవాళ్లెందరు, వెంటపోయిన పిల్లలెందరు, ఏ ఊరికి, ఏ నెలలో, మళ్లీ ఏ నెలలో వచ్చారు. పని కోసం మన ఊరికొచ్చి ఉన్నవాళ్లకు వేరే పేజీ. కార్యదర్శి రాయాలి, ఆశా, అంగన్‌వాడీ టీచర్, ఉపాధి హామీ మేట్ చెప్పాలి. దీపావళి తర్వాత ఒకసారి, ఉగాది తర్వాత ఒకసారి గ్రామసభలో మొత్తాలు చదవాలి. మూడేళ్లు రాస్తే చాలు, ఏ నెలలో ఊళ్లో ఎందరుంటారో, రాబోయే ఐదేళ్లలో ఒకటో తరగతికి ఎందరొస్తారో ఆ ఊరివాళ్లే చెప్పగలరు. ఢిల్లీలో కూర్చున్న నిపుణుడికి అది సాధ్యం కాదు.

ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టాలి. ఈ రిజిస్టర్ చూసి ఎవరి రేషనూ, పింఛనూ తీయకూడదని గ్రామసభ తీర్మానంలోనే రాయాలి. 2014 ఆగస్టు 19 సమగ్ర కుటుంబ సర్వే నాడు బొంబాయి నుంచి, సూరత్ నుంచి జనం బస్సుల్లో నిలబడి ఎందుకొచ్చారు? ఆ రోజు ఇంట్లో లేకపోతే కార్డు పోతుందన్న భయంతో. భయం ఉన్నచోట నిజం చెప్పరు, నిజం లేని రిజిస్టర్ దేనికీ పనికిరాదు.

రిజిస్టర్లు రాయాలన్న చట్టాలు మనకు కొత్త కాదు. ప్రతి వలస కూలీకి కాంట్రాక్టరు ఫొటో అతికించిన పాసుపుస్తకం ఇవ్వాలని 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. 2025 నవంబర్‌లో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అది అమల్లో ఉన్నట్టే. ఆ పాసుపుస్తకం కళ్లచూసిన కూలీ మన మండలంలో ఉంటే చేయెత్తమనండి. మేస్త్రీని నమ్ముకుంటే అయ్యేది కాదు, పంచాయతీయే రాసుకోవాలి.

వలసపోయే అన్నలకు, అక్కలకు ఒక మాట. 2027 ఫిబ్రవరిలో మీరెక్కడుంటే అక్కడ పట్టుబట్టి పేరు రాయించుకోండి. ఈసారి ఫోన్‌లో సొంతంగా నమోదు చేసుకునే వీలు కూడా ఉంది. సైటు మీద మీ పేర్లు రాయించేదాకా మేస్త్రీని వదలకండి.

సర్పంచులారా, దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక పెద్ద నోటుబుక్కు చాలు. తీర్మానం 2026 దసరా లోపల కావాలి. దీపావళి దాటితే అడగడానికి మనుషులు ఊళ్లో ఉండరు.