లాగడం సరే, ఆపడం మాటేమిటి?

వాహన వేదిక



గత సంచికలో టైర్లలో గాలి పీడనాన్ని గురించి ముచ్చటించుకున్నాము. ఈ పర్యాయం మన రహదారులపై అరుదుగా కూడా కానరాని ఒక వాహనాన్ని గురించి వ్రాయదలచాను. మన సహోద్యోగులలో అనేకుల సంతానం నేడు అమెరికాలో స్థిరపడి ఉన్నది. అక్కడికి వెళ్ళివచ్చిన మిత్రులు "మా వాడు లారీ అంతటి పికప్ ట్రక్కు కొన్నాడండీ, ఇంటి మనుషులకు అంత బండి ఎందుకు?" అని నన్ను అడగడం కద్దు. గత వేసవిలో ఆ ప్రశ్న మా ఇంటిలోనే తలెత్తింది.

మా అమ్మాయి, అల్లుడు టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ నగర శివార్లలో నివసిస్తున్నారు. వేసవి సెలవులలో పిల్లలను, మమ్మల్ని వెంటబెట్టుకొని కొలరాడో పర్వతాలకు వెళ్ళాలని వారి సంకల్పం. అందుకు పడకలు, వంటగది, స్నానాలగది అమర్చిన ఒక ట్రెయిలర్‌ను ఎంచుకున్నారు. సామానుతో కలిపి దాని బరువు సుమారు 5,450 కిలోలు. మన కర్మాగారపు ట్రెయిలర్ లారీలలో ముందుభాగం వచ్చి ట్రాక్టర్ మీద కూర్చున్నట్లే, ఈ ట్రెయిలర్ ముక్కు పికప్ వెనుక తొట్టిలో, ఇరుసుకు పైన అమర్చిన హిచ్ మీద కూర్చుంటుంది. దీనిని అక్కడ కూడా ఫిఫ్త్ వీల్ అనే అంటారు. ఇక దానిని లాగే బండిని ఎన్నుకోవలసి ఉన్నది.

షోరూములో అమ్మకందారు ఒక డీజిల్ పికప్‌ను చూపి, ఇది ఎనిమిది టన్నులకు పైగా లాగుతుందని చెప్పాడు. అల్లుడుగారు నా వైపు తిరిగి, "మామయ్యగారూ, మన ట్రెయిలర్ ఐదున్నర టన్నులే కదా. ఇంక ఆలోచించవలసినది ఏముంది?" అన్నారు.

నాకు ఆ క్షణంలో మరొక మనిషి జ్ఞాపకం వచ్చాడు. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, నిర్మాణ స్థలంలో ఒక ట్రాక్టర్ ఇనుప దూలాలు నింపిన ట్రెయిలర్‌ను ఏటవాలు దారిలో దించుతూ ప్రమాదానికి గురయింది. ట్రెయిలర్‌కు బ్రేకులు లేవు. వెనుకనున్న బరువు ట్రాక్టర్‌ను ముందుకు నెట్టి అడ్డంగా త్రిప్పివేసింది. డ్రైవరు కాలు ఎముక విరిగి నాలుగు నెలలు మంచం మీద ఉన్నాడు. ఆసుపత్రిలో చూడబోయినప్పుడు అతడు నాతో అన్న మాట ఒక్కటే: "బండి లాగలేక కాదు సార్, ఆపలేకపోయింది." ముప్పయి సంవత్సరాల వాహన విభాగపు ఉద్యోగంలో నేను నేర్చుకున్న పాఠాలలో అంతకు మించినది లేదు.

"ఇంజను సంగతి నాకు బెంగ లేదు. ముందు డ్రైవరు తలుపు తెరిపించండి" అన్నాను అల్లుడుగారితో.

ఇంజను సంగతి ఎందుకు బెంగ లేదో చెబుతాను. అమెరికాలో ఈ తరగతి బండ్లను ప్రధానంగా ఫోర్డ్, రామ్, షెవ్రొలే, జీఎంసీ పేర్లతో అమ్ముతారు. ఫోర్డ్ సూపర్ డ్యూటీలో 6.7 లీటర్ల పవర్ స్ట్రోక్, షెవ్రొలే, జీఎంసీలలో 6.6 లీటర్ల డ్యూరామాక్స్, రామ్‌లో 6.7 లీటర్ల ఆరు సిలిండర్ల కమ్మిన్స్ డీజిల్ ఇంజన్లు ఉంటాయి. కమ్మిన్స్ పేరు మన గనులలోని డంపర్ల వలన, జనరేటర్ సెట్ల వలన మీకు సుపరిచితమే. రామ్ 2019 మోడల్‌తో ఈ ఇంజను టార్క్ వెయ్యి పౌండ్-అడుగులను, అనగా సుమారు 1,356 న్యూటన్-మీటర్లను చేరింది. 2023 మోడల్ ఫోర్డ్‌లో హెచ్చు శక్తి గల ఇంజను 500 అశ్వశక్తిని, 1,200 పౌండ్-అడుగుల టార్క్‌ను ఇస్తున్నది. మన రహదారులపై తిరిగే 28 టన్నుల లారీలలో చాలావాటికి ఇంత టార్క్ లేదు. కావున "లాగునా?" అన్న ప్రశ్నకు ఈ రోజులలో సమాధానం వెదకనక్కరలేదు.

అమ్మకందారు చెప్పిన సంఖ్య అబద్ధం కూడా కాదు. అక్కడి ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం రూపొందించిన జె2807 అనే ప్రమాణం ప్రకారం ఇటువంటి బండ్లను పరీక్షిస్తారు. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ వద్ద సుమారు 18 కిలోమీటర్ల ఎక్కుడు దారి అందుకు కొలబద్ద. 38 డిగ్రీల ఎండలో, ఏసీని పూర్తిగా వేసి, వెనుక ఒంటి చక్రాల బండి గంటకు 64 కిలోమీటర్ల వేగం తగ్గకుండా ఆ దారిని ఎక్కాలి. మలుపులలో స్థిరత్వం, వాలులో నిలిచే శక్తి మొదలైనవి కూడా చూస్తారు. అయితే ఈ లెక్కలో బండిలో ఉండేది చెరి 68 కిలోల మనుషులు ఇద్దరే. మా బండిలో కూర్చోవలసినవారు పెద్దలు నలుగురు, పిల్లలు ఇద్దరు.

ఇప్పుడు తలుపు దగ్గరకు వద్దాము. ఆ దేశంలో 10,000 పౌండ్లు, అనగా 4,536 కిలోల మొత్తం బరువు పరిమితికి లోబడిన ప్రతి పికప్‌కు డ్రైవరు తలుపు వద్ద ఒక చీటీ అంటించి ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని కిలోలు మించరాదని అందులో స్పష్టంగా ముద్రిస్తారు. అది ఆ మోడల్‌కు సగటు లెక్క కాదు, ఎదుట నిలిచిన ఆ ఒక్క బండి లెక్క. మేము చూచిన బండి చీటీపై 1,050 కిలోలు అని ఉన్నది. ఎనిమిది టన్నులు లాగే బండి మోయగలిగేది ఒక టన్ను మాత్రమే!

దీనికి కారణం సులభం. చాలా బండ్లలో ఈ తరగతి మొత్తం బరువును సరిగ్గా 10,000 పౌండ్ల వద్ద ఆపుతారు. డీజిల్ ఇంజను, దాని గేరుపెట్టె, రేడియేటరు కలిసి పెట్రోలు అమరికకంటే రెండు వందల కిలోలకు పైగా అధికం. మొత్తం పరిమితి మారదు కావున ఆ అదనపు బరువు మోసే శక్తిలోనుంచి తగ్గుతుంది. అనగా బలమైన ఇంజను కోరుకున్నవారు తెలియకుండానే మోయగల బరువును కోల్పోతున్నారన్నమాట.

ట్రెయిలర్ బరువంతా దాని చక్రాల మీదనే ఉండదు. బంపరు క్రింద గుండుకు తగిలించే సాధారణ ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం, ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్ బరువులో 15 నుంచి 25 శాతం లాగే బండి మీద పడుతుంది. ఈ వాటాను మరీ తగ్గించుకొందామంటే వీలు లేదు. ముఖ్యంగా సాధారణ ట్రెయిలర్‌లో ముందు బరువు తక్కువై వెనుక ఎక్కువైతే, వేగంలో అది పాము తోకవలె ఊగి బండినే తలక్రిందులు చేయగలదు.

అల్లుడుగారి కాఫీ రసీదు వెనుక నేను ఈ లెక్క వేసి చూపాను.

ట్రెయిలర్ బరువులో 20 శాతం: 1,090 కిలోలు.
పెద్దలు నలుగురు, పిల్లలు ఇద్దరు: 340 కిలోలు.
హిచ్: 90 కిలోలు.
బండిలోని సామాను: 50 కిలోలు.
మొత్తం: 1,570 కిలోలు.

చీటీ అనుమతించినది 1,050 కిలోలు. మనుషులెవ్వరూ ఎక్కకముందే ట్రెయిలర్ ముక్కు ఒక్కటే ఆ పరిమితిని దాటిపోయింది. అల్లుడుగారు రసీదును చాలాసేపు చూచారు. తరువాత, "మామయ్యగారూ, ఇది తెలియకపోతే పిల్లలను ఎక్కించుకొని కొండ దిగేవాడినే" అని నెమ్మదిగా అన్నారు. మా అమ్మాయి మాత్రం, "నాన్నా, ఈ లెక్క వాళ్ళెందుకు చెప్పలేదు?" అని అడిగింది. ఎవరూ అడగరు కనుక చెప్పరు తల్లీ అన్నాను.

మా ముందున్న మార్గాలు మూడు. తేలికైన సాధారణ ట్రెయిలర్‌ను తీసుకోవడం మొదటిది. పై తరగతి బండిని తీసుకోవడం రెండవది. వెనుక జంట చక్రాల బండి మూడవది. చివరిది స్థిరత్వంలో ఉత్తమమే గాని, రోజూ ఆఫీసుకు, బజారుకు వెళ్ళడానికి దాని వెడల్పు ఇబ్బంది కలిగిస్తుంది. వారు రెండవ మార్గాన్ని ఎన్నుకున్నారు. అయితే 4,536 కిలోలు దాటిన బండ్లకు పైన చెప్పిన చీటీ తప్పనిసరి కాదు. కావున మొత్తం బరువు పరిమితి ఎంతో చూచి, ట్యాంకు నింపిన ఖాళీ బండిని కాటా వేయించి, అందులోనుంచి తీసివేయాలి. ఈ బండి పరిమితి 5,300 కిలోలు, కాటా చూపినది 3,600 కిలోలు. మిగిలినది 1,700 కిలోలు. మా అవసరానికి చాలును.

డీజిల్ అవసరమా అని కొందరు అడగవచ్చును. ఏటికి రెండు మార్లు, చదును నేలపై లాగేవారికి ఈ తరగతిలోనే పెట్రోలు బండి చాలును, వెల కూడా తక్కువ. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 లారీలు నడుపుతున్న మన డ్రైవర్లకు తెలిసినట్లే, ఆధునిక డీజిల్‌కు యూరియా ద్రవం పోయాలి. పొగగొట్టంలోని మసి వడపోత శుభ్రపడాలంటే అప్పుడప్పుడు దూరప్రయాణం చేయాలి. రోజూ రెండు కిలోమీటర్లు తిరిగే ఇంటికి అది తలనొప్పియే. కాని కొలరాడో కొండలలో లెక్క వేరు. అక్కడి ఐసెన్‌హోవర్ సొరంగం సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్నది. టర్బో లేని ఇంజను ఆ పలుచని గాలిలో తన శక్తిలో సుమారు మూడవ వంతు కోల్పోతుంది. టర్బో డీజిల్‌కు ఆ నష్టం చాలా తక్కువ. అంతకంటె ముఖ్యమైనది ఎగ్జాస్ట్ బ్రేక్. టర్బో ద్వారా పొగకు అడ్డుకట్ట వేసి, ఇంజను చేతనే బండి వేగాన్ని నిలిపి ఉంచే ఏర్పాటు ఇది.

ప్రయాణానికి ముందురోజు, ఇంటిల్లిపాదిమీ ఎక్కి, ట్రెయిలర్ తగిలించి, రహదారి ప్రక్కన లారీలు ఆగేచోట కాటా వేయించాము. పికప్ ఇరుసుల మీది బరువు 5,380 కిలోలు వచ్చింది. పరిమితికి 80 కిలోలు అధికం! వెదకి చూడగా, ట్రెయిలర్ ముందుభాగంలోని ట్యాంకులో 200 లీటర్ల నీరు, పికప్ తొట్టిలో మా శ్రీమతి సర్దించిన బియ్యం సంచి, పచ్చళ్ళ పెట్టె కనబడినవి. నీటిని వదలివేశాము. పెట్టెలను ట్రెయిలర్ ఇరుసుల మీదికి మార్చాము. "నీళ్ళు దారిలో దొరుకుతాయి గాని ఆవకాయ దొరకదు కదా" అని మా శ్రీమతి ఆ నిర్ణయాన్ని ఆమోదించింది. రెండవ కాటాలో 5,220 కిలోలు వచ్చింది.

సొరంగం దాటిన తరువాత పడమటి వైపు దారి ఆరు, ఏడు శాతం వాలులో దిగుతుంది. అదుపు తప్పిన లారీల కొరకు ప్రక్కన కంకర నింపిన ఎక్కుడు దారులను నిర్మించి ఉంచారు. మా బండి, ట్రెయిలర్ కలిపి తొమ్మిదిన్నర టన్నులు. ఆరు శాతం వాలులో గంటకు 72 కిలోమీటర్ల వేగంతో దిగేటప్పుడు సుమారు 110 కిలోవాట్ల శక్తిని ఎప్పటికప్పుడు అణచాలి. నూటపది ఇస్త్రీపెట్టెలు ఒక్కమారుగా వెలిగినంత వేడి అది. గాలి, టైర్ల రాపిడి కొంత భరించినా, మిగిలిన భారమంతా ఇంజనూ బ్రేకులే మోయాలి. అల్లుడుగారు శిఖరం వద్దనే గేరు తగ్గించి, ఎగ్జాస్ట్ బ్రేక్ వేశారు. ట్రెయిలర్ బ్రేకుల మీటను ముందే పరీక్షించి ఉన్నాము. క్రిందికి చేరేలోపల ఆయన పాదం బ్రేకును తాకినది అయిదారు మార్లే. వెనుక సీటులో మనుమరాలు నిద్ర లేవనే లేదు.

పాఠకులలో పలువురికి స్వగ్రామాలలో పొలాలు, ట్రాక్టర్లు ఉన్నాయి. చెరకు, ధాన్యం, ఇసుక నింపి రోడ్డెక్కే మన ట్రెయిలర్లలో చాలావాటికి నేటికీ బ్రేకులు లేవు. వెనుక ఎర్రదీపమూ ఉండదు. దేశం వేరైనా సూత్రం ఒక్కటే. కొనేముందు ఎంత లాగునని గాక, ఎంత మోయును, ఎంతలో ఆగును అని అడగండి. బరువును ఊహించక కాటా వేయించండి. ట్రెయిలర్‌కు దాని బ్రేకులు దానికి ఉండాలని పట్టుబట్టండి. వాలు మొదలు కాకముందే గేరు తగ్గించండి. పండుగకు ఊరు వెళ్ళినప్పుడు మీ ట్రెయిలర్‌ను ఒక్కమారు ఈ దృష్టితో చూచి రండి.

ఆనాటి డ్రైవరు తరువాత స్టోర్స్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాడు. కొంచెం కుంటుతూ నడిచేవాడు. కొలరాడో కొండ దిగిన నాటి రాత్రి అతనికి ఉత్తరం వ్రాశాను.

వచ్చే సంచికలో బ్యాటరీ సంరక్షణను గురించి తెలుసుకుందాము.