పొందూరు ఖాదీ – పరదేశపు అంగడి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు ఉపాధికై వెళ్ళినవారి కుటుంబాలు మన పాఠకులలో ఉన్నాయి. అక్కడి అన్న, ఇక్కడి తమ్ముడు కలిసి ఆన్‌లైన్ ద్వారా పొందూరు ఖాదీని విదేశాలలో అమ్మదలిస్తే అది నేడు అసాధ్యం కాదు. అయితే దిగేముందు లోతు చూసుకోవాలి. ఈ మాసం ఆ విషయమే ముచ్చటిద్దాము.

మొదట సరుకును తెలుసుకుందాము. ఒకనాడు చికాకోల్‌గా పిలువబడిన శ్రీకాకుళం మస్లిన్లకు ప్రసిద్ధి. ఆ ప్రాంతపు పొందూరులో నేటికీ కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రపరచి, ఏకులు చేసి, ఒంటి కదురు రాట్నంపై వడకుతారు. వడికేవారిలో అత్యధికులు స్త్రీలు. అక్కడి సన్నని నూలు వంద కౌంటు వరకు వస్తుంది. వంద కౌంటు అంటే ఒక పౌను నూలు 84,000 గజాలు, అనగా దాదాపు 77 కిలోమీటర్లు సాగుతుందన్న మాట. అదంతా చేతితో తీసిన పోగే.

ఈ వ్యాపారపు అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. ప్రకటనకు డబ్బు వెచ్చిస్తే వారంలో వంద ఆర్డర్లు రావచ్చు. కాని రాట్నం మన ప్రకటనను చూసి వేగంగా తిరగదు. గడువు ముంచుకొస్తుంది, దుబాయిలోని కొనుగోలుదారు ఒత్తిడి చేస్తాడు. అప్పుడు మిల్లు నూలు కలిసిన వస్త్రాన్ని పంపేద్దామన్న దుర్బుద్ధి పుడుతుంది. అంత దూరాన తాకి చూసి తేడా చెప్పగలిగేవారు అరుదు కూడా. ఆ ఒక్క పార్సెల్‌తో వడికిన తల్లి కష్టం, నేసినవాని పేరు రెండూ అమ్ముడుపోతాయి.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అంగడిలో ధాన్యపు రాశిలోనికి చేయి పోనిచ్చి, లోపలి తడిని గుర్తించి, దానిని పైకి కనిపించేలా ఉంచలేదేమని వర్తకుణ్ణి మందలించిన ఉదంతం మనకు తెలిసినదే. ఫోన్ తెరపై బొమ్మ ఆ రాశి పైభాగం వంటిది. కొనేవాని చేయి లోపలికి చేరలేదు. కనుక లోపలిది చెప్పవలసిన బాధ్యత అమ్మేవానిపై రెట్టింపవుతుంది. కౌంటు ఎంత, ఉతికితే ఎంత కుంచించుకుంటుంది, పోగులో ముడులు, రంగులో తేడాలు ఉంటాయా అన్నవి బొమ్మ ప్రక్కనే వ్రాయాలి. ఖాదీ పేరుతో అమ్మేవారికి ఖాదీ మార్కు తప్పనిసరి చేస్తూ 2013లో నిబంధనలు వచ్చాయి. వాటినీ పాటించాలి.

వస్త్రం నేయకముందే మూల్యం పుచ్చుకునే బేరాలకు ఫిఖహ్‌లో సలమ్, ఇస్తిస్నా అన్న మార్గాలున్నాయి. రకం, కొలత, ధర స్పష్టంగా నిర్ణయించుకోవాలి. అప్పగించే గడువునూ తేల్చుకోవాలి. గడువు గల లావాదేవీలను వ్రాసి ఉంచుకోవాలన్నది అల్ బఖరా సూరా 282వ ఆయతు బోధన. మీ బేరపు స్వరూపాన్ని ఆలిములకు వివరించి సలహా తీసుకోండి.

ఇక ప్రభుత్వపరమైన మెట్లు. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ వద్ద ఐఈసీ నంబరు పొందాలి. జీఎస్టీ నమోదుతో పాటు ఎల్‌యూటీ సమర్పిస్తే పన్ను ముందుగా కట్టకుండానే ఎగుమతి చేయవచ్చు. చిన్న పార్సెళ్ళ కోసం తపాలా శాఖ డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రాలు ఉన్నాయి. భారత్–యూఏఈ ఒప్పందం 2022 మే 1 నుండి అమలులో ఉన్నది. దాని క్రింద సుంకపు రాయితీ కోరాలంటే సరుకు ఇక్కడిదేనని తెలిపే ధ్రువపత్రం జతపరచాలి. అక్కడి 5 శాతం వ్యాట్ మాత్రం వేరు. దానిని ఎవరు భరించాలో ముందే చెప్పాలి.

ఒకే దేశాన్ని నమ్ముకోవడం క్షేమం కాదు. 800 డాలర్ల లోపు పార్సెళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుండి ఎత్తివేసింది. ఆ పరిణామంతో మన తపాలా శాఖ కొన్ని వారాలు ఆ దేశానికి పార్సెళ్ళ బుకింగును నిలిపివేయవలసి వచ్చింది. అటువంటి వేళ అప్పు చేసి సరుకు నింపుకున్నవాడు కుంగిపోతాడు. వడ్డీ అప్పుతో మొదలుపెట్టినవాని స్థితి చెప్పనక్కరలేదు.

కనుక తొలి సంవత్సరం ఒక్క దేశంతో, చేతిలో ఉన్న సరుకుతో ఆరంభించి, అనుభవం వచ్చాక రెండవ దేశానికి అడుగు వేయడం మేలు. నెలకు ఎన్ని గజాలు రాగలవో నేతగాళ్ళను అడిగి, అంతకు మించిన ఆర్డర్లను తెరపైనే ఆపివేయండి. తిరిగి వచ్చే పార్సెళ్ళ ఖర్చును ధరలో లెక్కించుకోండి. విదేశపు ధరకు తగినట్లు వడికే చేతులకూ కూలి పెంచండి. పనివానికి చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త ఉపదేశం దుబాయి నుండి డబ్బు వచ్చేవరకు ఆగమనదు.