ఇంట మిగిలిన మందులు

పల్నాటి సీమలో మందుల డబ్బా లేని యిల్లు నేడు అరుదు. నిరుడు జ్వరమునకు దెచ్చిన మాత్రలలో సగము, పిల్లవాని దగ్గుమందు సీసా యడుగున నాలుగు చెంచాలు, కాలముచేసిన అవ్వ నొప్పులకు వాడిన బిళ్లలు, అన్నియు నందుండును. గడువు దాటిన వెనుక వానిని దిబ్బపై బారవేయుదురు. లేదా కాలువలో బోయుదురు. అంతటితో పీడ వదలినదని తలంతురు. వదలలేదని మనవి చేయుచున్నాము.

దిబ్బ యనగా నేమి? వేసవిలో బండ్ల కెక్కి మన చేలకు బోవు నెరువు. కాలువ యనగా నేమి? వాగునకు దారి. చంద్రవంకయు, నాగులేరును తుదకు కృష్ణలోనే కలియుచున్నవి. మనము పారవేసినది మన పొలిమేర దాటకమునుపే మన పశువునకో, మన బావికో చేరవచ్చును.

మందు నీట గలిసిన నేమగునో తెలుగుదేశమున కొక పాఠము గలదు. హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరువునందు, ఔషధ కర్మాగారముల మురుగును శుద్ధిచేసి విడచిన నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములను బ్రకటించిరి. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిను 31 మిల్లీగ్రాముల వరకు దేలినది. ఆ మందు సేవించు రోగి రక్తమునందుండు దానికంటె నిది యధికము. ఇట్టి నీటిలో క్రిములు మందునకు లొంగని బలమును సంపాదించుకొనును. కర్మాగారపు మురుగునకును ఇంటి సీసాకును సాటి లేదు, నిజమే. కాని వేలకొలది యిండ్లు ఒకే వాగులో బోయునపుడు “నా యొక్క మాత్ర యెంత?” యను వాదము నిలువదు.

దాచియుంచుటయు క్షేమము గాదు. డబ్బు పోసి కొన్న దానిని పారవేయ మనసొప్పక, మిగిలిన ఆంటీబయాటిక్ మాత్రలను పొరుగువాని కిచ్చుట పుణ్యకార్యమని యెంచుచున్నారు. వాని రోగమేమో, ఎంత మోతాదు కావలెనో ఎవరికెరుక? రంగు బిళ్లలను పసివాండ్రు మిఠాయిగా భ్రమించుటయు గలదు.

కావున గృహస్థుడు చేయవలసినది యిది. ఆరు మాసముల కొకసారి డబ్బాను వెదకి, గడువు దాటినవానిని వేరుచేయవలెను. తిరిగి తీసికొను కేంద్రమో, దుకాణమో యున్నచో నచటనే యప్పగింపవలెను. లేనిచో మాత్రలను అట్టనుండి తీసి, తేయాకు పిప్పితోనో మట్టితోనో గలిపి, సంచిలో గట్టి, చెత్త బండివాని కీయవలెను. దిబ్బపై వేయరాదు, పెరటిలో గాల్చరాదు. ఇన్సులిను సూదులను గట్టి డబ్బాలో మూసి వేరుగా నీయవలెను. చెత్త నెత్తువాని చేతులును చేతులే. ఫెంటనిలు, ట్రమడాలు, డయజిపాము మొదలగు 17 మందులను మాత్రము, ఇంట నుంచుటయే ప్రాణాపాయము గనుక, మరుగుదొడ్డిలో బోసి నీరు విడువవలెనని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో సూచించినది.

కాని భారమంతయు గృహస్థునిపై మోపుట న్యాయము గాదు. గడువు మీరిన మందులను ఇంటి ప్రమాదకర వ్యర్థములలో జేర్చి, వానిని స్వీకరించుటకు 20 చదరపు కిలోమీటర్ల కొక కేంద్రము నెలకొల్పవలెనని 2016 నాటి నిబంధనలే స్థానిక సంస్థలను ఆదేశించినవి. కేరళమున కోళిక్కోడునందు 2025లో ఇండ్లనుండి మందులను సేకరించి తగిన భట్టీలలో దహించు పథకము మొదలైనది. కేరళమున సాధ్యమైనది పల్నాట నేల కాదు? నరసరావుపేట, మాచర్ల పురపాలక సంఘములు మందుల వర్తకులను బిలిచి, దుకాణమునకొక తాళపు పెట్టె నుంచి, మాసమున కొకసారి వానిని దహనశాలకు బంపు నేర్పాటు చేయవలెను. వ్యయము స్వల్పము. మందునమ్మి లాభము గొనువారు దాని యంత్యక్రియలలో గొంత భాగము వహించుట ధర్మము.

రోగము పోయినది గదా యని మందును మరచుచున్నాము. మందు మాత్రము మనలను మరువదు.